నీళ్లు అక్కరలేని యూరినళ్లు: కార్ట్రిడ్జ్ మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మండపం_మేనేజర్ · శ్రీకాకుళం · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అరసవల్లి రోడ్డులో ఒక కల్యాణ మండపం బాగోగులు చూస్తుంటాను. రెండేళ్ల క్రితం మగవాళ్ల వైపు ఆరు యూరినళ్లు, నీళ్లు అక్కరలేని రకం, పెట్టించాం. అప్పట్లో మా బోరు అడుగంటి ప్రతి పెళ్లికీ ట్యాంకరు తెప్పించేవాళ్లం. ఆ బాధలో ఉండగా ఎవరో చెప్తే మా యజమాని ఒప్పుకున్నారు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఈసారి ఆషాఢంలో నెల రోజులు తాళం వేసి ఉంచాం. శ్రావణానికి తలుపు తీస్తే కళ్లు మండిపోయే వాసన. సరే, కార్ట్రిడ్జులు అయిపోయి ఉంటాయని ఆరూ కొత్తవి వేయించాను. ఆరు పెళ్లిళ్లు అయ్యాయో లేదో మళ్లీ అదే కథ. నిన్న పెళ్లికొడుకు మేనమామ నన్ను పక్కకు పిలిచి, "భోజనాలు బ్రహ్మాండం బాబూ, ఆ వైపు మాత్రం వెళ్లలేకపోయాం" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మినవాళ్లు మూడు నెలలకు ఒకసారి మార్చమంటారు. నాకు మూడు వారాలు కూడా రావడం లేదు. ఎప్పుడు మార్చాలో, ఏ భాగం మార్చాలో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

నీళ్లే_మేలు · బొబ్బిలి · 9:52

ఉంది. ఆరూ పీకేసి మామూలు ఫ్లష్షులు పెట్టించండి. మా దుకాణాల సముదాయంలో నేను చేసిన పని అదే.

పైపురెంచి · ఆమదాలవలస · 10:15

బొబ్బిలి అన్నగారు ఈ మాట ప్రతి చర్చలోనూ అంటారు, ఆయన్ని అలా ఉండనివ్వండి.

మేనేజర్ గారూ, ముందు మీది ఏ రకమో చెప్పండి. నేను చూసినవి మూడు రకాలు. మొదటిది, అడుగున డబ్బా లాంటి కార్ట్రిడ్జ్, దానిలో రంగు ద్రవం. రెండోది, మెత్తని రబ్బరు గొట్టం లాంటి వాల్వు: మూత్రం దిగేటప్పుడు పెదవులు తెరుచుకుంటాయి, తర్వాత మూసుకుంటాయి. మూడోది, ద్రవమూ కార్ట్రిడ్జూ లేకుండా యాంత్రికంగా పనిచేసేది. ఢిల్లీ ఐఐటీలో ఆచార్య విజయరాఘవన్ చారియార్ రూపొందించిన జీరోడార్ ఆ కోవలోదే. మూడూ పాడయ్యే తీరు వేరు. రకం తెలియకుండా ఎవరు సలహా చెప్పినా చీకట్లో రాయి విసరడమే.

మండపం_మేనేజర్ · 10:31

మొదటిదేనండి. నాలుగు రంధ్రాల గుండ్రటి మూత, తీయడానికి ప్లాస్టిక్ తాళంచెవి లాంటిది ఇచ్చారు. కొత్తది వేసినప్పుడు నీలం రంగు ద్రవం పోశారు.

కెమిస్ట్రీ_మాస్టారు · విజయనగరం · 11:05

అయితే లోపల జరిగేది చెప్తాను, మిగతాది మీకే తెలుస్తుంది. పులుసు మీద నూనె తెట్టు తేలుతుంది కదా, ఆ నీలం ద్రవం మూత్రం మీద అలా తేలుతుంది, తేలిక కనుక. పైనుంచి పడిన మూత్రం ఆ తెట్టును దాటి కిందికి దిగి, అవతలి గట్టు మీదుగా పైపులోకి పొర్లిపోతుంది. తెట్టు మూత వేసినట్టు ఉండిపోతుంది, కింది వాసన పైకి రాదు. ఉన్న కిటుకంతా ఆ తెట్టులోనే.

దానికి శత్రువులు ఇద్దరు. మొదటిది సబ్బు. నూనె గిన్నెకు సబ్బు పెడితే నూనె విడిపోయి నీళ్లతో పోయినట్టే, సబ్బునీళ్లు, ఫినాయిల్ ఎక్కువగా పడితే సీలెంట్, అంటే ఆ నీలం ద్రవం, చితికిపోయి కొట్టుకుపోతుంది. రెండోది గార. తాజా మూత్రం కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. బాక్టీరియాలోని యూరియేజ్ అనే ఎంజైము అందులోని యూరియాను విడగొట్టగానే అమ్మోనియా పుడుతుంది, పీహెచ్ 9 దాకా ఎగబాకుతుంది. ఆ క్షారంలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉండలేవు. ఫాస్ఫేటుతో కలిసి గట్టిపడి అడుగున దిగుతాయి. అందులో ముఖ్యమైనది స్ట్రువైట్, అంటే మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేటు.

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. వాసన వేస్తే మగ్గుడు బోరు నీళ్లు కొడతారు. బోరు నీళ్లు కఠినమైతే మీరు కాల్షియాన్ని చేతులారా తెచ్చి పోస్తున్నట్టే. నీళ్లు కలవని చోట పేరుకునేది చాలావరకు మెత్తని మడ్డి, తుడిస్తే వస్తుంది. కఠిన జలం కలిసిన చోట రాయి కడుతుంది.

నీళ్లే_మేలు · 11:20

నీళ్లు పోయకూడని మరుగుదొడ్డి! మా నాన్నగారు వింటే నవ్వేవారు.

గంటస్తంభం_దగ్గర · విజయనగరం · మంగళవారం ఉదయం 6:50

నెలలు లెక్కపెట్టడమే అసలు పొరపాటు అనుకుంటున్నాను. మాది చిన్న వాణిజ్య భవనం. మామూలు రోజుల్లో మా మూడు యూరినళ్లకు పెద్ద పని ఉండదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను రోజున తలుపు తీసి ఉంచితే జనం వరస కట్టి నిలబడతారు. ఆ ఒక్క రోజు వాడకం మాకు కొన్ని నెలలతో సమానం. నెలల లెక్కన మారిస్తే అమ్మవారి పండగ మర్నాడు వాసన, మిగతా కాలమంతా బాగున్న వస్తువును పారేయడం.

కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఈ ద్రవం రకాలకు తరచూ కనబడే లెక్క సుమారు 1,500 వాడకాలకు ఒకసారి ద్రవం నింపడం, సుమారు 7,000 వాడకాలకు కార్ట్రిడ్జ్ మార్చడం. మీ దానితో వచ్చిన కాగితం చూడండి.

మండపం_మేనేజర్ · 7:35

కాగితం దొరికింది, దాదాపు అవే అంకెలు. పెళ్లికి వెయ్యి మంది అనుకుంటే మగవాళ్లు ఐదు వందలు. కొందరు రెండుసార్లు వస్తారు, మొత్తం ఏడు వందల సార్లు అనుకుందాం. ఆరుకు పంచితే ఒక్కోదానికి 117. కానీ తలుపు పక్కన ఉన్న ఒకటో నంబరుకు అందరూ ఎగబడతారు, చివరిదాని దాకా వెళ్లేది మొహమాటస్థులే. ఒకటో దానికి 200 వేసుకున్నా, ఆరు పెళ్లిళ్లకు 1,200.

రాస్తుంటేనే తెలిసింది: ద్రవం నింపే అంకె కూడా ఇంకా రాలేదు!

పైపురెంచి · 7:48

అదీ లెక్క. అంటే మీ కార్ట్రిడ్జులు అరిగిపోలేదు, ఎవరో పాడుచేస్తున్నారు. లేదా వాసన వాటిది కానే కాదు. కొనడానికి పరుగెత్తకుండా ఇవాళ మూడు పనులు చేయండి.

ఒకటి, అగరవత్తి పరీక్ష. గది తలుపు, కిటికీలు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. ఫ్యాను గాలి లాగుతుంటే ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి డ్రైనేజీ గాలి లోపలికి వస్తుంది. వెలిగించిన అగరవత్తిని ప్రతి కార్ట్రిడ్జ్ రంధ్రాల మీద, అంచు చుట్టూ, నేల మీది నహానీ ట్రాప్ (నేల నీళ్లు దిగే చోట, వాసన ఆపడానికి కొంచెం నీళ్లు నిలిచి ఉండే గిన్నె) జాలీ మీద ఆగి ఆగి పట్టుకోండి. ఫ్యాను వల్ల పొగ అంతటా కొంత కదులుతుంది. అలా కాకుండా ఒక్కచోట కిందినుంచి ఊదినట్టు చెదిరితే దొంగ అక్కడ ఉన్నాడు.

రెండు, టార్చి వేసి రంధ్రాల్లోకి చూడండి. నీలం కనబడాలి. పసుపు మాత్రమే కనబడితే తెట్టు పోయింది.

మూడు, ఒక గ్లాసు నీళ్లు, గ్లాసుకు మించకుండా, గోడ వెంబడి మెల్లగా జారవిడిచి నిలిచిన నీళ్లు దిగేదాకా అంకెలు లెక్కపెట్టండి. ఆరింటికీ రాసుకోండి. ఎన్ని అంకెలు అన్నది కాదు, మిగతావాటికంటే ఏది ఆలస్యం చేస్తోందన్నది చూడాలి. ముక్కుకంటే ముందు చెప్పేది ఈ ఆలస్యమే.

టెక్కలి_టీచరమ్మ · 8:20

మా పాఠశాలలో రబ్బరు వాల్వు రకం కనుక నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పిల్లలు వేసే వేపపుల్ల ముక్క, సుద్దముక్క పెదవుల మధ్య ఇరుక్కుంటే వాల్వు నోరు తెరిచే ఉండిపోతుంది. చూడటానికి ఏమీ తెలియదు, వాసన మాత్రం వస్తుంది. వారానికి ఒకసారి ఆయా చేతి తొడుగులు వేసుకుని వాల్వు బయటికి తీస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి గంటసేపు నానబెడితే గార వదులుతుంది. కడిగాక వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తాం. పెదవుల మధ్య వెలుగు గీత కనబడిందంటే రబ్బరు సాగిపోయినట్టే, కొత్తది వేయాల్సిందే. గట్టిపడి వంచితే మళ్లీ మామూలుకు రాకపోయినా అంతే.

ఉద్దానం_కొబ్బరి · కవిటి · 8:44

నవ్వనంటే నా కథ చెప్తాను. సీలెంట్ డబ్బా అయిపోయింది, తెప్పించాలంటే వారం. తేలే నూనె ఏదైతేనేమి అని ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె పోశాను. వారం రోజులు అద్భుతం, గదిలో కొబ్బరి పరిమళం కూడా. తర్వాత సంక్రాంతి ముందు చలి పట్టింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని మనకు తెలియనిదా! తెల్లవారి చూస్తే నాలుగు రంధ్రాలకూ తెల్లగా వెన్న పూసినట్టు బిరడా. ముందు వచ్చినవాళ్లు చూసుకోకుండా వాడేశారు. గిన్నె నిండి నేల మీదికి పొర్లింది. మా ఆవిడ ఆ నూనె సీసా ఇప్పటికీ నాకు చూపిస్తుంటుంది.

కెమిస్ట్రీ_మాస్టారు · 9:02

నవ్వకుండా ఉండలేకపోయాను, క్షమించండి. వంటనూనెలు గడ్డకట్టకపోయినా కొన్నాళ్లకు ముక్కిపోయి జిగురుగా మారతాయి. ఆ జిగురుకు మడ్డి అంటుకుంటుంది. కంపెనీ ద్రవం వచ్చేదాకా ఆ ఒక్క యూరినల్ మీద కవరు కప్పి మూసి ఉంచడమే మేలు.

మండపం_మేనేజర్ · మంగళవారం సాయంత్రం 6:10

మూడు పరీక్షలూ చేశాను. ఫలితం ఇదీ.

అగరవత్తి పొగ అన్నిటికంటే గట్టిగా చెదిరింది నహానీ ట్రాప్ దగ్గర! జాలీ ఎత్తి చూస్తే పూలరేకులు, వక్కపలుకులు, కిళ్లీ చెత్త ఉండకట్టి ఉన్నాయి. నీళ్లు దిగడం లేదు. వేలితో కెలికితే కింద గిన్నె సగం ఎండిపోయి ఉంది. యూరినళ్లలో 4, 5, 6 బాగున్నాయి, నీలం తళతళలాడుతోంది. 1, 2లో నీలం జాడే లేదు. 3లో నీలం ఉంది గానీ అంచు చుట్టూ పొగ కదులుతోంది. గ్లాసు నీళ్లు 5లో నాలుగు అంకెల్లో దిగితే 1లో పందొమ్మిది.

పైపురెంచి · 6:25

శభాష్! మీ ఆషాఢం వాసన సగం నహానీదే. నెల రోజులు ఒక్క చుక్క పడకపోతే ట్రాపులో నీళ్లు ఆవిరైపోతాయి, డ్రైనేజీకి తలుపు తీసి పెట్టినట్టు. పెళ్లిళ్లు లేని రోజుల్లో వారానికి ఒకసారి దానిలో మగ్గు నీళ్లు పోయించండి. విచిత్రం చూడండి, నీళ్లు అక్కరలేని యూరినళ్ల గదిలో నీళ్లు అడిగేది అదొక్కటే.

ఇక 1, 2. తలుపు పక్కవి, పైగా ఆ రెండిట్లోనే ద్రవం పోయింది. మీ గది శుభ్రం చేసేవారు రాత్రి బకెట్టు ఎక్కడ ఒంపుతున్నారో ఒకసారి చూసి రండి.

మండపం_మేనేజర్ · బుధవారం రాత్రి 1:15

ఇప్పుడే ఇంటికి వచ్చాను, నిద్ర పట్టక రాస్తున్నాను. రాత్రి రిసెప్షన్ అయ్యాక గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పన్నెండున్నరకు మా పెద్దాయన వచ్చారు. పదేళ్లుగా మండపంలో ఉన్నారు, పని చెప్పించుకునే మనిషి కాదు. నేలంతా ఫినాయిల్ నీళ్లతో తుడిచారు. తుడిచిన గుడ్డ పిండారు. ఆ నల్లని నీళ్లు బకెట్టుతో ఎత్తి సగం ఒకటో నంబరులో, సగం రెండో నంబరులో ఒంపారు, నురగ తేలేలా.

నేనేమీ అనలేదు. "పెద్దాయనా, అందులో ఎందుకు?" అని అడిగితే, "నేల జాలీలో దిగడం లేదు బాబూ, చెప్పాను కదా శ్రావణం మొదట్లో" అన్నారు. నిజమే, చెప్పారు. పందిరివాళ్ల హడావిడిలో నేనే మర్చిపోయాను.

నీళ్లే_మేలు · ఉదయం 7:05

ఈ ఒక్క విషయంలో మీ పక్షాన ఉన్నాను. మా దగ్గర కూడా ఇలాంటిదే జరిగి ఉంటుందని ఇప్పుడు అనుమానం వస్తోంది. మేము ఎవరినీ అడగలేదు, పీకేశాం.

పైపురెంచి · 7:30

ఇక మందు. నహానీ జాలీ శుభ్రం చేయించి, పైన మరో సన్న జాలీ వేయించండి. 1, 2 కార్ట్రిడ్జులు తీసి చూడండి. తీసే ముందు గంటసేపు ఎవరినీ వాడనివ్వకండి, లేకపోతే చేతిలో చెరువు. తొడుగులు తప్పనిసరి. పక్కనే మందపాటి కవరు తెరిచి పెట్టుకుని నిటారుగా దానిలోకి దించండి. లోపల మడ్డి అడుగున కొద్దిగా ఉంటే ద్రవం నింపి మళ్లీ వాడుకోవచ్చు. గట్టు దాకా నిండి, కదిపితే ఇసుకలా గరగరమంటే దాని పని అయిపోయింది, మార్చండి.

కార్ట్రిడ్జ్ బయట ఉన్నప్పుడు మాత్రం పైపులోకి ఒక పెద్ద బకెట్టు నీళ్లు పోయండి. మడ్డి కొట్టుకుపోవడానికి దొరికే అవకాశం అప్పుడే. పందొమ్మిది అంకెల ఆలస్యం దానితో తగ్గకపోతే తప్పు కార్ట్రిడ్జ్‌ది కాదు, గోడ వెనక పైపుది. అడుగుకు పావు అంగుళం వాలు ఉందా, మలుపు దగ్గర డోర్ బెండ్ (శుభ్రం చేయడానికి మూత తెరుచుకునే వంపు) పెట్టారా అన్నది చూడాలి.

పైపు ఏమిటో కూడా చూసుకోండి. నీళ్లు కలవని మూత్రం లోహాన్ని తినేస్తుంది. షికాగో సిటీ హాలులో రాగి పైపులు దెబ్బతిని 2010లో ఇలాంటి యూరినళ్లు తీసేయాల్సి వచ్చింది. పీవీసీ అయితే ఆ బెంగ లేదు.

మండపం_మేనేజర్ · 8:10

పీవీసీయే. 3 సంగతి? నీలం ఉంది కానీ అంచు దగ్గర పొగ కదిలింది.

పైపురెంచి · 8:16

ఓ-రింగ్. కార్ట్రిడ్జ్ మెడకు ఉండే నల్లని రబ్బరు గాజు. మెలిక పడిందో, తెగిందో చూడండి. దానికోసం కార్ట్రిడ్జ్ మొత్తం కొనక్కరలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు · 8:40

ఒక ముఖ్యమైన హెచ్చరిక, ఇది రాయకుండా బడికి వెళ్లలేను. గార వదిలించాలని యాసిడ్ పోసి, వాసనకని వెంటనే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లను చూశాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచింగ్ ఒక్కటే వేసినా మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమీన్లు పుడతాయి. మూసిన చిన్న గదిలో వంగి తుడిచే మనిషి ఊపిరితిత్తులకు అవి ప్రమాదం. యూరినల్ లోపలికి ఆ రెండూ వద్దు. రోజూ తేలికపాటి సబ్బునీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గుడ్డ పిండేది మాత్రం వేరే చోట.

టెక్కలి_టీచరమ్మ · 9:15

గిన్నె బయట, కింద పలకల సందుల్లో కూడా చూడండి మేనేజర్ గారూ. తుళ్లిన చుక్కలు సిమెంటులో ఇంకిపోతే కార్ట్రిడ్జ్ బంగారానిదైనా వాసన ఆగదు. రాత్రి యూరినళ్లన్నిటికీ ప్లాస్టిక్ కవరు బిగించి, పొద్దున గది తెరిచి వాసన చూడండి. అప్పటికీ ఉంటే అది నేలది.

మండపం_మేనేజర్ · శుక్రవారం రాత్రి 8:30

రెండు రోజులు ఈ పనిమీదే ఉన్నాను. నహానీ కింద పట్టెడు చెత్త వచ్చింది, అందులో ఒక వెండి మెట్టె కూడా! పెళ్లివారికి ఫోను చేశాను, వాళ్లదే. మగవాళ్ల వైపుకు ఎలా వచ్చిందో వాళ్లూ చెప్పలేకపోయారు.

2లో మడ్డి తక్కువే, ద్రవం నింపాను. 1 తీసి కదిపితే మాత్రం గరగర, మార్చేశాను. బకెట్టు నీళ్లు పోశాక అది ఐదు అంకెల్లో దిగుతోంది. టీచరమ్మ చెప్పిన కవరు పరీక్ష కూడా చేశాం. గదిలో వాసన లేదు, నేల బాగానే ఉంది. పెద్దాయనకు బకెట్టు ఒంపడానికి వెనక పెరట్లో కుళాయి గట్టు చూపించి, గ్లాసు పరీక్ష కూడా నేర్పాను. నాకంటే ఓపికగా లెక్కపెడుతున్నారు. గోడకు పంచాంగం కాలెండరు ఉంది కదా, పెళ్లి అయిన ప్రతి తేదీకీ వచ్చిన జనం అంకె దాని మీదే రాస్తున్నారు. 1, 6 కార్ట్రిడ్జులను నెలకోసారి అటుదిటు మారిస్తే అరుగుదల సమానమవుతుందన్నది కూడా ఆయన ఆలోచనే.

3 ఓ-రింగ్ తెగి ఉంది. అమ్మినవాళ్లు విడిగా ఇవ్వరట, కార్ట్రిడ్జ్ కొనమంటున్నారు. ఏం చేయాలి?

పైపురెంచి · 8:41

పాతది జేబులో వేసుకుని ఏడు రోడ్ల కూడలి వైపు బేరింగులు, రబ్బరు సీళ్లు అమ్మే దుకాణాల్లో అడగండి. కొలత చెప్పకండి, ముక్క చూపించండి. మందం, వ్యాసం రెండూ కలిస్తేనే తీసుకోండి. బిగించే ముందు సిలికాన్ గ్రీజు చుక్క రాయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు.

ఉద్దానం_కొబ్బరి · 8:43

అన్నా, ఇంక వదిలేయండి!

మండపం_మేనేజర్ · శనివారం మధ్యాహ్నం 2:20

రెండో దుకాణంలో దొరికింది. బిగించి అగరవత్తి పట్టాను, పొగ నిటారుగా లేచింది. రేపు రాత్రి పన్నెండు వందల మందితో రిసెప్షన్ ఉంది. పెద్దాయన గ్లాసు ఇప్పుడే కడిగి గూట్లో పెట్టుకున్నారు, మంచినీళ్ల గ్లాసులతో కలవకుండా మెడకు ఎర్ర దారం కట్టి.